అన్న స్కాన్ కవరు



పొంగల్ తర్వాత మా దగ్గరినుంచి రాత ఏదీ రాలేదని కొందరు ఫోన్ చేసి అడిగారు. ఇంట్లో ఆసుపత్రి పనే సరిపోయింది. మేము తమిళ బడిలో చదివినవాళ్లం, తెలుగు అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నవాళ్లం. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మేము నలుగురం. అన్న, అక్క, ఈ రాత రాస్తున్న మూడోవాడు, తమ్ముడు. మా నాయన లోకో షెడ్డులో పనిచేసి 1979లో 52 ఏళ్లకే పోయాడు. ఆ రాత్రి ఎదలో పట్టేసినట్టుంది అన్నాడు. వాయువు అనుకుని ఓమ నీళ్లు ఇచ్చాం. తెల్లవారేలోపే అయిపోయింది.

అన్నకు 2016లో మొదటి నొప్పి వచ్చింది. స్టెంటు వేసి పంపారు. మేము చిన్నప్పటినుంచి విన్న మాట తమిళంలో మారడైప్పు. అంటే ఎదలో అడ్డు పడడం. అడ్డు తీసేశారు కదా, ఇంక జబ్బు పోయింది అనుకున్నాం. గుండెపోటు అన్న తెలుగు మాట మాకు టీవీలో వినే తెలిసింది. అడ్డు తీసినా పోటు మళ్లీ రావచ్చని అప్పుడు తట్టలేదు.

2022లో స్టేషన్ మెట్ల వంతెన ఎక్కుతూ అన్న రెండుసార్లు ఆగాడు. ఆయాసం. డాక్టరు థాలియం స్కాన్ రాశాడు. తీయించుకున్నాం. పెద్ద తెల్ల కవరు, లోపల రంగు బొమ్మలు, రెండు పేజీల ఇంగ్లీషు. స్కాన్ తీసినచోట "డాక్టరుకు చూపించండి" అన్నారు. ఆ వారం పెళ్లి, తర్వాతి వారం పండుగ. అన్నకు నొప్పి లేదు. కవరు బీరువాలో ఎల్‌ఐసీ కాగితాల కిందికి పోయింది.

ఈ రాత రాసేవాడు 34 ఏళ్లు రైల్వేలో ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్ గుమాస్తా. సర్వీసులో ఉండగానే పోయినవాళ్ల ఫైళ్లు ఎన్నో చూసి, వాళ్ల పిల్లలకు కారుణ్య నియామకం కోసం నోటు పెట్టినవాడు. ఒక్క కాగితం వదలకుండా చదివే అలవాటు. ఆ కవరు మాత్రం విప్పి చూడలేదు. అక్క చూసింది, తమ్ముడు చూశాడు, ఎవరూ "డాక్టరు ఏమన్నాడు?" అని అడగలేదు. నలుగురిదీ ఒకటే తప్పు.

పోయిన ఏడు మనవరాలి చెవులు కుట్టే రోజు అన్న పందిట్లోనే కూలబడ్డాడు.

ఐసీయూలో చిన్న వయసు డాక్టరు పాత రిపోర్టులు అడిగాడు. కవరు తెచ్చి ఇచ్చాం. ఆయన బొమ్మలు చేత పట్టుకుని తమిళంలో విడమరచి చెప్పాడు. ఈ స్కాన్‌లో కొంచెం రేడియో మందు రక్తంలోకి ఎక్కిస్తారు. విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒకసారి, గుండెకు శ్రమ ఇచ్చినప్పుడు ఒకసారి బొమ్మ తీస్తారు. రక్తం బాగా అందే చోట వెలుగు, అందని చోట మసక. విశ్రాంతిలో వెలుగుండి, శ్రమలో మసకైతే అక్కడ రక్తం చాలడం లేదని అర్థం. రెండిటిలోనూ మసకే అయితే అది చాలావరకు పాత పోటు మచ్చ. మసక ఎంత పెద్దదైతే ముందుముందు ప్రమాదం అంత ఎక్కువ. అన్నకు ముందు గోడలో పెద్ద భాగం శ్రమలో మసకైంది. అది స్టెంటు వేసిన నాళం కూడా కాదు, ఇంకొకటి.

రైల్వేవాళ్లకు ఇది కొత్త మాట కాదు. పట్టాల మీద అల్ట్రాసౌండ్ యంత్రం తోసుకుంటూ పోయి, పైకి కనబడని పగులు కనిపెడతారు. గుర్తు పెడతారు, కాషన్ ఆర్డరు ఇస్తారు, బండి మెల్లగా పోతుంది, తర్వాత ఆ ముక్క మారుస్తారు. మా ఇంట్లో యంత్రం పగులు చూపించింది. కాషన్ ఆర్డరు బీరువాలో ఉండిపోయింది.

ముందే వెళ్లి ఉంటే ఈ నొప్పి వచ్చేది కాదని ఏ డాక్టరూ చెప్పలేదు. ఇస్కీమియా అనే పెద్ద పరిశోధనలో 5179 మందిని చూశారట. స్కాన్‌లోనో ఇతర పరీక్షలోనో రక్తం తక్కువని తేలినవాళ్లకు వెంటనే స్టెంటో బైపాసో చేసినా, మంచి మందులతో నడిపి అవసరమైతేనే చేసినా, చావుల్లో పెద్ద తేడా రాలేదని 2020లో అచ్చయింది. కాబట్టి స్కాన్ చూసి ఆపరేషన్‌కు పరుగెత్తాలని కాదు. కానీ మాత్రలు పెంచడం, షుగరు అదుపు, బీడీ మాన్పించడం మూడేళ్లు ముందే మొదలయ్యేవి.

స్కాట్లాండులో 4146 మంది ఎదనొప్పి రోగులను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు మామూలు వైద్యంతో పాటు సీటీ యాంజియోగ్రామ్ కూడా తీశారు. అయిదేళ్లలో గుండెజబ్బు చావు లేక గుండెపోటు ఆ గుంపులో 2.3 శాతం, రెండో గుంపులో 3.9 శాతం. ఆపరేషన్లు రెండు గుంపుల్లోనూ దాదాపు అంతే. బొమ్మలో కొవ్వు చూసినవాళ్లకు మందులు ఎక్కువగా మొదలుపెట్టారు, తేడా ముఖ్యంగా అక్కడే అంటారు. బొమ్మ కాపాడదు, బొమ్మ చూసి చేసే పని కాపాడుతుంది.

అన్నకు ఇంకో స్టెంటు వేశారు. ఎకోలో ఈఎఫ్ 30 వచ్చింది. గుండె గది నిండిన రక్తంలో ఒక్కో కొట్టుడుకు ఎంత శాతం బయటికి పోతుందో ఆ లెక్క. మామూలుగా 55కి పైన ఉండాలి. 35 లేక అంతకంటే తక్కువగా నిలిచిపోతే హఠాత్తుగా పోయే భయం ఉంటుంది. దానికి ఎదలో చిన్న యంత్రం పెట్టే విషయం ఆలోచిస్తారు. మూడు నెలల మందుల తర్వాత 38కి వచ్చింది. యంత్రం వద్దన్నారు. ఇప్పుడు పొద్దున అరగంట నడుస్తాడు. మేడ ఎక్కడు.

మిగతా ముగ్గురం డాక్టరును అడిగి కాల్షియం స్కోరు తీయించుకున్నాం. ఇంజెక్షన్ లేదు, కొన్ని నిమిషాల సీటీ. ఇది జబ్బు ఇంకా బయటపడనివాళ్లకే, స్టెంటు ఉన్న అన్నలాంటివాళ్లకు దీనితో పని లేదు. అక్కకు 40, ఈ రాసేవాడికి 212, తమ్ముడికి సున్నా. 100 దాటితే స్టాటిన్ మాత్ర గట్టిగా చెప్తారు. మాత్ర మొదలైంది. తమ్ముడు "నాకు సున్నా" అని సిగరెట్టు వెలిగించబోతే అక్క లాగి పారేసింది. సున్నా అంటే పర్మిట్ కాదురా అంది. నాళంలో గట్టిపడని మెత్తటి కొవ్వు ఆ స్కాన్‌కు కనబడదు.

అందరూ పోయి ప్యాకేజీ స్కాన్లు తీయించుకోండి అని మేము చెప్పడం లేదు. రేడియేషన్ ఉంది, డబ్బు ఉంది, ఎవరికి ఏది కావాలో డాక్టరు చెప్పాలి. మేము అడిగేది ఒక్కటే. ఈ ఆదివారం మీ బీరువా తెరవండి. అమ్మది, నాయనది, అన్నది, అత్తది, చూపించని కవరు ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే సోమవారం డాక్టరు దగ్గరికి తీసుకుపోండి. "ఇందులో ప్రమాదం ఎంత? ఇప్పుడు ఏం మార్చాలి?" అని రెండు ప్రశ్నలు అడగండి. జవాబు కవరు మీదనే మీ భాషలో రాసుకోండి.

అన్న కవరు ఇప్పుడు దేవుడి పటం పక్కన మేకుకు వేలాడుతోంది. ఇంటికి వచ్చినవాళ్లు ఏమిటని అడుగుతారు. అడగాలనే అక్కడ పెట్టాం.