చెత్త పాట ఏదో చెప్పే హక్కు

ఇంగ్లండుకు చెందిన స్పైస్ గర్ల్స్ బృందం 1996 నుంచి 2007 దాకా బ్రిటన్‌లో 11 సింగిల్స్ విడుదల చేసింది. ఆల్బం నుంచి విడిగా, రెండు మూడు పాటలతో తక్కువ ధరకు అమ్మే సీడీనో క్యాసెట్‌నో అక్కడ సింగిల్ అంటారు. ఏవి ఎన్ని అమ్ముడుపోయాయో లెక్కగట్టి ప్రతి ఆదివారం సాయంత్రం రేడియోలో వరుస చదివేవారు. ఈ 11లో 9 ఆ వరుసలో మొదటి స్థానానికి చేరాయి. వాటిలో ఏది గొప్పది, ఏది చెత్త అన్న వాదన మాత్రం ఇన్నేళ్లయినా తెగలేదు. వాదించేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. అప్పుడు ఎనిమిదేళ్ల, పన్నెండేళ్ల పిల్లలు, ఇప్పుడు నలభైకి అటూ ఇటూ ఉన్నవాళ్లు. ఈ వాదనను విమర్శగా గుర్తించాలి అని నేనంటే నవ్వేవాళ్లున్నారు. ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుందో చూడాలని ఈ వ్యాసం.

2019లో పరిశోధన పనిమీద కొన్ని నెలలు బర్మింగ్‌హామ్‌లో ఉన్నాను. నలుగురం ఆడవాళ్లం ఒక ఇల్లు పంచుకున్నాం. ఒకామె ఆస్పత్రిలో నర్సు. ఒకామె ప్రైమరీ స్కూలు టీచరు. మూడో ఆమె లైబ్రరీ ఉద్యోగి, ఆమె అమ్మమ్మా తాతయ్యా జమైకా నుంచి వలస వచ్చినవాళ్లు. ముగ్గురూ నాకంటే మూడు నాలుగేళ్లు పెద్ద. ఆ ఏడాది మే, జూన్ నెలల్లో స్పైస్ గర్ల్స్‌లో నలుగురు మళ్లీ కలిసి 13 కచేరీలు చేశారు. విక్టోరియా మాత్రం రాలేదు. టీచరూ నర్సూ కోవెంట్రీ కచేరీకి టికెట్లు కొనుక్కున్నారు. ఇక రాత్రి భోజనాల దగ్గర ఇదే గొడవ. 11 పాటల పేర్లు ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించారు. ఎవరికి వాళ్లు మార్కులు వెయ్యాలి. నన్ను జడ్జిగా పెట్టారు. ఎందుకంటే ఏ పాటతోనూ నాకు జ్ఞాపకం లేదు. హన్మకొండలో కేబుల్ టీవీ వచ్చిన కొత్తలో, ఏదో పెద్ద హోటల్ మెట్లమీద గోల చేస్తూ గెంతే ఐదుగురు అమ్మాయిలు లీలగా గుర్తు, అంతే.

ఆ మెట్ల పాటే వాళ్ల మొదటి సింగిల్ ‘వాన్నబీ’. నర్సు దానికి పదికి పది వేసింది. ఆమె వాదన పాటతో మొదలవలేదు, పాట పుట్టుకతో మొదలైంది. 1994లో ఒక నాటకరంగ పత్రికలో ప్రకటన ఇచ్చి, వచ్చినవాళ్లలోంచి మేనేజర్లు ఏరి కూర్చిన బృందం అది. మరుసటి ఏడాదే అమ్మాయిలు ఆ మేనేజర్లను వదిలేసి బయటికి వచ్చేశారు. రికార్డు కంపెనీ దొరికాక, ముందుగా వేరే పాట విడుదల చేద్దామని పెద్దవాళ్లన్నారు. ఇదే ముందు రావాలని అమ్మాయిలు పట్టుబట్టారు. 1996 జూలైలో వచ్చిన ఆ పాట బ్రిటన్‌లో ఏడు వారాలు మొదటి స్థానంలో ఉంది. నన్ను కోరుకునేవాడు ముందు నా స్నేహితురాళ్లతో కుదురుకోవాలి అని అందులో షరతు. “మొదటిది కాబట్టి గొప్పదంటున్నావు. పాటగా చూడు, అరుపులు తప్ప ఏముంది?” అంది టీచరు. “పదకొండేళ్ల పిల్లని అంత గట్టిగా అరవనిచ్చిన పాట ఇంకోటి చూపించు” అంది నర్సు.

టీచరు ఓటు ‘టూ బికమ్ వన్’కి. 1996 డిసెంబరులో వచ్చిన నెమ్మదైన ప్రేమ పాట. శృంగారం గురించిన ఆ పాటలో జాగ్రత్త పాటించమని అమ్మాయే అడుగుతుంది. బడిలో ఎవరూ చెప్పని ఒక సంగతి, ఆ క్షణంలో కూడా అడిగే హక్కు తనకుంటుందన్న సంగతి, ఆ పాటలోనే మొదటిసారి విన్నానంది టీచరు. ఇంకో విషయం కూడా చెప్పింది. ఆల్బంలో ఉన్న పాటలో ఆడామగా జంటను మాత్రమే చెప్పే ఒక వాక్యం ఉంది. సింగిల్‌గా వేసినప్పుడు ఆ వాక్యాన్ని మార్చి, ఎవరు ఎవర్ని ప్రేమించినా సరిపోయేలా పాడారు. క్యాసెట్టూ సింగిలూ రెండూ కొనుక్కున్న ఈమె పన్నెండేళ్లకే ఆ తేడా పట్టుకుంది. మనం పరిశోధన పద్ధతుల పాఠంలో పాఠభేదాలు, పాఠపరిష్కరణ అని చదువుకుంటామే, సరిగ్గా అదే పని. పాకెట్‌మనీతో కొన్న సింగిల్ పక్కన పెట్టుకుని ఒక చిన్నపిల్ల చేసింది.

‘స్టాప్’ దగ్గర ముగ్గురికీ పోటీ లేదు. మొదటి ఆరు సింగిల్స్ వరుసగా మొదటి స్థానానికి వెళ్లాక, 1998 మార్చిలో వచ్చిన ఈ ఏడో పాట రెండో స్థానంలో ఆగిపోయింది. అప్పుడు పై స్థానంలో ఉన్నది రన్ డీఎంసీ పాటకు జేసన్ నెవిన్స్ చేసిన రీమిక్స్. పత్రికలకు అది చాలు, ఇక వీళ్ల పని అయిపోయిందని రాయడానికి. కానీ పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో చేతులు తిప్పుతూ అందరూ కలిసి ఆడేది ఆ పాటకే. అమ్మకాల లెక్క ఇచ్చిన తీర్పును అభిమానులు ఇరవయ్యేళ్లపాటు ఆడి ఆడి కొట్టేశారు. మే నెలలో ఒకరోజు సింకు దగ్గర గిన్నెలు కడుగుతున్న ముగ్గురూ నీళ్లోడుతున్న చేతులతో ఆ అడుగులు వేస్తుంటే చూశాను. ఏ భంగిమ ఎప్పుడొస్తుందో ఒక్కరూ తడబడలేదు.

లైబ్రరీ ఉద్యోగి మాట తక్కువ. ఆమె ఎంచుకున్నది 1997 అక్టోబరులో వచ్చిన ‘స్పైస్ అప్ యువర్ లైఫ్’. డప్పుల హోరుతో, సాంబా నడకతో వినగానే కాళ్లు కదిలే పాట. దాన్ని గొప్ప పాటల్లోనూ వేసింది, చెత్త పాటల్లోనూ వేసింది. రెండు చోట్లా వెయ్యకూడదని నర్సు అభ్యంతరం చెప్పింది. అప్పుడామె విప్పి చెప్పింది. ప్రపంచంలోని మనుషులందర్నీ నాట్యానికి పిలిచే ఆ పాటలో, కొందర్ని చర్మం రంగుతో పిలిచే ఒక మాట ఉంది. పదేళ్ల వయసులో ఆ డప్పుకు ఆడుతూ ఆ మాట దగ్గర ప్రతిసారీ నోరు మూసుకునేదట. “అప్పట్లో అదెవరూ పట్టించుకోలేదు కదా” అంది టీచరు. “పట్టించుకున్నవాళ్లని ఎవరూ అడగలేదు” అంది ఆమె. 2019 కచేరీల్లో ఆ మాట తీసేసి వేరే మాట పెట్టి పాడారు. కోవెంట్రీ నుంచి తిరిగొచ్చి ఆ సంగతి ఆమెకు ముందుగా చెప్పింది టీచరే.

ఆ బృందంలో ఉన్న ఒకే ఒక్క నల్లజాతి అమ్మాయి మెల్ బి. ఐదుగురికీ ఒక పాప్ పత్రిక ముద్దుపేర్లు పెట్టినప్పుడు ఈమెకు దక్కినది ‘స్కేరీ’, అంటే భయపెట్టేది. మిగతావాళ్లలో ఒకరు పాపాయి, ఒకరు దర్జా మనిషి, ఒకరు ఆటల పిల్ల, ఒకరు అల్లం ఘాటు. వీడియో కోసం ఉంగరాల జుట్టు సాపు చేయించుకోమంటే తను ఒప్పుకోలేదని మెల్ బి తర్వాత చెప్పింది. ఆ జుట్టును టీవీలో చూసిన రోజు తన దువ్వెన బాధ కాస్త తగ్గిందట మా లైబ్రరీ ఆమెకి. ఒకే బృందం ఒకే పిల్లకు ఇచ్చింది ఎంతో, లాక్కున్నది ఎంతో ఆమె పక్కపక్కన పెట్టి తూకం వేసుకుంది. ఆ తూకాన్ని వేరే ఏ పేరుతో పిలవాలి?

చెత్త పాటల దగ్గర వాదన ఇంకా చిక్కగా సాగింది. జెరీ 1998 మేలో బృందాన్ని వదిలి వెళ్లాక, ఆ డిసెంబరులో మిగిలిన నలుగురూ పాడినది ‘గుడ్‌బై’. అది వినడమే తన వల్ల కాదంది నర్సు. ఏడిపించిన పాట చెత్తదెలా అవుతుందని టీచరు నిలదీసింది. 2000లో వచ్చిన ‘హాలర్’ అమెరికన్ నిర్మాత రాడ్నీ జర్కిన్స్ చేతిలో తయారైన పాట. వాళ్లు వాళ్లలా లేరు, ఇంకెవరిలానో ఉన్నారని ఇద్దరు సున్నా వేశారు. పెరిగి పెద్దయిన ఆడవాళ్లు పదహారేళ్ల పిల్లల్లాగే పాడాలా అని లైబ్రరీ ఆమె అడ్డుపడింది. 2007లో ఒక ధర్మనిధి కోసం పాడిన ‘హెడ్‌లైన్స్’ 11వ స్థానం దాటలేదు. దాన్ని మాత్రం అందరూ జాలితో వదిలేశారు. జాలిపడటం మార్కులు వెయ్యడం కాదని జడ్జి హోదాలో నేను కలగజేసుకోవలసి వచ్చింది.

ఆ జడ్జి పనిలో నేను చేసింది ఒకటే. కాగితం మీద ప్రతి పాట ఎదుట ఒక్క గడి కాకుండా రెండు గడులు గీయించాను. ఒకటి పాటకు, ఒకటి ఆ పాట మనతో ఏం చేసిందో దానికి. రెండు గడుల్లోనూ ఒకే అంకె పడ్డ పాట ఒక్కటీ లేదు.

సంగీత విమర్శకుడు సైమన్ ఫ్రిత్ ‘పెర్ఫార్మింగ్ రైట్స్’ అనే పుస్తకంలో, ఏది మంచిది ఏది కాదు అని తేల్చుకోవడమే జనరంజక సంస్కృతిలోని ఆనందానికి మూలమని వాదించాడు. ఆ పుస్తకం వచ్చిందీ ‘వాన్నబీ’ వచ్చిందీ ఒకే ఏడాది, 1996. ఇరవయ్యేళ్లు ముందే, అదే బర్మింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలోని సమకాలీన సంస్కృతి అధ్యయన కేంద్రంలో, ఏంజెలా మెక్‌రాబీ, జెన్నీ గార్బర్ ఇంకో ప్రశ్న వేశారు. యువజన సంస్కృతి అంటూ వీధిలో తిరిగే మగపిల్లల గురించే రాస్తున్నారు, ఆడపిల్లలు ఎక్కడున్నారు? వీధి వాళ్లకు భద్రం కాదు కాబట్టి పడగ్గదిలో ఉన్నారు, గోడమీద బొమ్మలు అంటించుకుని, స్నేహితురాళ్లతో పాటలు వింటూ, మాట్లాడుకుంటూ. ఆ మాట్లాడుకోవడాన్ని ఎవరూ రాసి పెట్టలేదు. ఆ కేంద్రం ఉన్న విభాగాన్ని 2002లో మూసేశారు.

ఇదంతా వ్యాపారమే కదా అనే ఆక్షేపణ ఉంది. నిజమే. ‘గర్ల్ పవర్’ పేరుతో పెప్సీ అమ్మారు, ఆలూ చిప్స్ అమ్మారు, బొమ్మలు అమ్మారు, కెమెరాలు అమ్మారు. 1996లో ఒక పత్రికకిచ్చిన ఇంటర్వ్యూలో జెరీ, మార్గరెట్ థాచర్‌ను మొదటి స్పైస్ గర్ల్ అంది. గని కార్మికుల కుటుంబంలో పుట్టిన మా నర్సు ఆ మాట ఈరోజుకీ క్షమించలేదు. కానీ వ్యాపారం తయారు చేసింది పాటల్ని. ఈ వాదనల్ని అది తయారు చెయ్యలేదు. పదకొండు పాటల్నీ సమానంగా ప్రేమించమనే కంపెనీ కోరింది. అందులో మూడు చెత్తవని చెప్పడం కొన్న పిల్లల సొంత తెలివి.

ఈ తెలివి నాకు కొత్త కాదు. మా అమ్మా పెద్దమ్మా పక్కింటి అత్తయ్యా మధ్యాహ్నాలు అరుగుమీద కూర్చుని యద్దనపూడి సులోచనారాణి నవలల మీద ఇలాగే పోట్లాడుకునేవాళ్లు. ‘సెక్రటరీ’ ముందా ‘మీనా’ ముందా? ఏ నవలలో హీరో మరీ రాయిలా ఉన్నాడు? ఏ ముగింపు తొందరపడి అతికించినట్టుంది? విజయనిర్మల 1973లో తీసిన ‘మీనా’ సినిమా నవలకు న్యాయం చేసిందా? అద్దె పుస్తకాల షాపులో రోజుకింతని కట్టి తెచ్చిన పుస్తకం కాబట్టి, బాగాలేకపోతే డబ్బు పోయిన కోపం కూడా అందులో కలిసేది. “ఇది మనసు పెట్టి రాసింది కాదు, వారం వారం ఇవ్వాలి కాబట్టి రాసింది” అని పెద్దమ్మ ఒక సీరియల్‌ని తీసి పక్కన పడేసిన మాట నాకింకా గుర్తు. పెద్దమ్మ ఏడో తరగతి దాటలేదు.

జానిస్ రాడ్‌వే 1984లో అచ్చయిన ‘రీడింగ్ ది రొమాన్స్’లో అమెరికాలోని ఒక ఊరి ఆడవాళ్లు ప్రేమ నవలలు ఎలా చదువుతారో రాసింది. వాళ్లకు దొరికిన నవలల్లా నచ్చలేదు. విఫలమైన ప్రేమకథ ఏదో, ఎందుకు విఫలమైందో వాళ్లు ఖచ్చితంగా చెప్పగలిగారు. హీరో క్రూరత్వానికి సంజాయిషీ దొరకని కథ వాళ్లకు చెత్త కథ. రాడ్‌వే పుస్తకంలో నాకు అన్నిటికంటే విలువైన అధ్యాయం ఆ విఫల కథలదే.

నా పీహెచ్‌డీ తెలుగు వారపత్రికల సీరియల్ పాఠకురాళ్ల మీద. మౌఖిక పరీక్షలో ఒక పెద్దాయన, “అమ్మా, ఇవి ఇష్టాయిష్టాలు. ఇష్టాయిష్టాలు విమర్శ ఎట్లా అవుతాయి?” అని అడిగారు. గదిలో చాలామంది నవ్వారు. ఒక కవిని మహాకవి అనీ, ఇంకొకర్ని అకవి అనీ మన సాహిత్య సభల్లో దశాబ్దాలుగా గొంతులు చించుకోవడం చూస్తూనే ఉన్నాం. అదీ ఇష్టాయిష్టాలతోనే మొదలవుతుంది. కాకపోతే దానికి వేదిక ఉంది, మైకు ఉంది, తర్వాత వేసే సంపుటం ఉంది. అరుగుకు అవేవీ లేవు. తేడా అక్కడుంది. ఆ రోజు నేనిచ్చిన జవాబు ఇదే. డిగ్రీ వచ్చింది. ఆ ప్రశ్న మాత్రం ఆయనతో పోలేదు, ఇప్పటికీ సెమినార్లలో వేరే వేరే గొంతులతో ఎదురవుతూనే ఉంది.

అభిమాని అనగానే మనకు కళ్లు మూసుకుని చేతులు జోడించిన మనిషి గుర్తొస్తుంది. ఆడ అభిమాని అయితే కేకలు పెట్టి కళ్లు తిరిగి పడిపోయే పిల్ల. నేను చూసిన అభిమానులు కళ్లు తెరుచుకునే ఉన్నారు. ఎంతో ఇష్టమైనవాళ్లు చేసిన పనిలో కూడా ఇక్కడ నన్ను మోసం చేశారు, ఇక్కడ నన్ను వదిలేశారు, ఇక్కడ నా రంగును అవమానించారు అని వేలు పెట్టి చూపించారు. ఆడపిల్లకు నచ్చినదేదో చెప్పే వీలు ఎప్పుడో ఒకప్పుడు దొరుకుతుంది. నచ్చనిది చెప్పే వీలు పెళ్లిచూపుల్లో ఉండదు, చదువు ఎంపికలో ఉండదు, వడ్డించిన విస్తరి ముందూ ఉండదు. పాట మీదా నవల మీదా ఆ వీలు దొరికింది కాబట్టే అంత పట్టుదలగా వాడుకున్నారు.

మన దగ్గర వారపత్రికల సీరియళ్లు చదివిన తరం ఇప్పుడు అరవై, డెబ్బై దాటింది. పెద్దమ్మ పోయి ఆరేళ్లయింది. ఆమె ఏ సీరియల్‌ని పక్కన పడేసిందో దాని పేరు అడిగి రాసుకున్నాను కాబట్టి నా దగ్గరుంది. ఈ వ్యాసం చదివేవాళ్ల ఇళ్లలో అలాంటివాళ్లు ఎందరో ఉంటారు. మీకు నచ్చిన నవల ఏది, నచ్చిన పాట ఏది అని వాళ్లను అందరూ అడుగుతారు, వాళ్లూ మర్యాదకు ఏదో ఒక పేరు చెబుతారు. అది చాలదు. చెత్త నవల ఏది, ఎందుకు అని అడగండి. అడిగి, పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకోండి.