ఫౌలాద్‌కు జోడ్

నాట్ల మౌసమ్‌ల మా రుద్రూర్ వెల్డింగ్ దుకాణాలకు దమ్ తీసుకునే ఫుర్సత్ ఉండదు. నిజాంసాగర్ కాలువ నీళ్లు మళ్లకెక్కంగనే ట్రాక్టర్లు దిగుతయి, షాఫ్టులు విరుగుతయి. పోయిన వానాకాలం మా ఖాలూ రోటవేటర్ షాఫ్టు సగానికి పుటుక్కుమంది. నారు ముదురుతున్నది. ఖాలూ గుస్సా అంతా డ్రైవర్ పోరని మీద. "నీ తన్ఖాల కోస్త" అన్నడు.

ఉస్తాద్ విరిగిన మొఖం తుడిచి మాకు చూపెట్టిండు. సగం నున్నగ, నల్లగ, చెరువు అలల లెక్క గీతలు. మిగతా సగం గరుకుగ, కొత్తగ మెరుస్తున్నది. "కీ గాడి మూల నుంచి మొదలైన చీలిక ఇది, భాయ్‌సాబ్. ఎన్నో దినాల నుంచి లోపల పాకుతున్నది. పోరని ఖసూర్ లేదు."

"ఒక్క గంటల అతికియ్యి" అన్నడు ఖాలూ. ఉస్తాద్ ఒప్పుకోలె. ఇది మామూలు లోహా కాదు, పానీ పట్టిన ఫౌలాద్. మంట తాకిన జాగ ఎర్రబడి, పక్కనున్న చల్లటి లోహం ఆ వేడిని జల్దీ గుంజుకుంటే గాజు లెక్క పెళుసైతది. రాడ్డుకు తడి ఉంటే హైడ్రోజన్ చొరబడి, మరునాడైనా అతుకు పక్కన పగులుతది.

రెండు మొనలను పెన్సిల్ లెక్క చెక్కిండు. యాంగిల్‌ల పెట్టి సీదా చూసుకున్నడు. గ్యాస్ మంటతో సుమారు 250 డిగ్రీలకు కాచిండు. ఎండబెట్టిన 7018 రాడ్డుతో, వంగకుండ ఇటొక పొర అటొక పొర నింపిండు. రాత్రంత బూడిదల కప్పి, సుబహ్ లేతుకెక్కించిండు.

మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఫౌలాద్ కోసం ఒకప్పుడు పర్షియా తాజిర్లు వచ్చెటోళ్లు. ఆ కొలిమిల హునర్ కూడ సబర్‌దే: మూసను మెల్లగ చల్లారనిచ్చుడు.

షాఫ్టు ఇచ్చేటప్పుడు ఉస్తాద్ సాఫ్‌గ చెప్పిండు: "జోడ్ పక్కన పాత గట్టితనం రాదు. మౌసమ్ గడుస్తది, ఉమ్ర్ గడవది. కొత్తది చెప్పి పెట్టుకో."

ఖాలూ కొత్త షాఫ్టుకు అడ్వాన్స్ ఇచ్చిండు. పోరని మజూరీ నెలాఖరుకు పూరా ముట్టింది. మాఫీ మాత్రం అడగలె. చాయ్ తనే పోసిచ్చిండు.