మలక్‌పేట గుర్రపుశాలలో రెండేళ్ళు



భద్రాచలం అడవి అంచున మా పల్లెల్లో పశువులంటే ఎడ్లు, ఆవులు, మేకలే. వేసవిలో తునికాకు, ఇప్పపువ్వు, వానాకాలంలో పొలం పని. గుర్రాన్ని పెళ్ళి ఊరేగింపులో తప్ప చూసినవారు అరుదు. అటువంటి పల్లె నుండి మేము నలుగురం యౌవనస్థులం 2000వ సంవత్సరం ప్రాంతంలో కొత్తగూడెంలో రైలెక్కి, పని వెదుక్కుంటూ హైదరాబాదు చేరాం. మలక్‌పేటలో పందెపు గుర్రాల శాలలో సైసుల క్రింద రెండేళ్ళు పనిచేశాం. మాలో ఒకరు వేదాంత విద్యకు వెళ్ళకముందు సంగతి ఇది.

ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలంలో, 1886లో, గుర్రప్పందేలు మౌలాలీ నుండి మలక్‌పేటకు వచ్చాయి. అక్కడ తెల్లవారుజామున నాలుగింటికే పని మొదలు. ముందుగా మేత తొట్టి చూడాలి. గుర్రం వాంతి చేసుకోలేదు గనుక కడుపునొప్పి వస్తే ప్రాణం మీదికి రావచ్చు. తొట్టిలో మేత మిగిలిందంటే వెంటనే పెద్ద సైసుకు చెప్పాలి. తరువాత తడి గడ్డి తీసి పొడి గడ్డి పరచి, గిట్టల్లోని మట్టి, రాళ్ళు కొక్కెంతో తీసి, ఒళ్ళంతా మాలీసు చేయాలి. ఎండ ముదరకముందే పరుగు సాధన. తిరిగి వచ్చాక చెమట ఆరి, ఊపిరి నిదానించేవరకు పగ్గం పట్టి నడిపించాలి. నాలుగైదు వందల కిలోల జంతువు, నమ్మకం కుదిరితే పసిపిల్లవలె వెంట నడిచేది.

ఇంత చాకిరీ పన్నెండు వందల మీటర్ల పందెం కోసం. అది ఒకటింబావు నిమిషంలో ముగిసిపోతుంది!

మాతో ఒక పెద్దాయన ఉండేవాడు. మామా అని పిలిచేవాళ్ళం. గుర్రం చెవి కదిలిస్తే దాని బాధ చెప్పగలడు. దానికి జ్వరమొస్తే రాత్రంతా శాలలోనే కూర్చునేవాడు. కాని జీతం చేతికొస్తే పందెం కిటికీ దగ్గరే ఖర్చయ్యేది. ఒకసారి ఊళ్ళో ఆయన చిన్నకూతురికి జ్వరమని మూడు రోజులు ఆలస్యంగా కబురొచ్చింది. చేతిలో బస్సు చార్జీ కూడా లేదు. మేము తలా కొంత వేసుకొని పంపించాం. దేవుని దయవల్ల పిల్ల బ్రతికింది. ఆ తరువాత జీతం రోజున భార్యే వచ్చి డబ్బు తీసుకొనేది. కొన్ని నెలలు నిలబడ్డాడు, మళ్ళీ పడ్డాడు. మేము పని మానేనాటికి ఇంకా పోరాడుతూనే ఉన్నాడు.

గుర్రప్పందెం జూదం కాదు, నైపుణ్యంతో కూడినదని 1996లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నిజమే, గుర్రాన్ని పెంచడం గొప్ప విద్య. అయితే మామకున్నంత తెలివి పందెం కట్టేవారిలో ఎంతమందికి ఉంటుంది? ఆ తెలివి కూడా ఆయన ఇంట్లో పొయ్యి వెలిగించలేదు.

డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. అయినా ఇప్పుడు పందెం కోసం పట్నం వెళ్ళనక్కరలేదు, సెల్‌ఫోనులోనే మన పల్లెకు వస్తుంది. తల్లిదండ్రులారా, గుర్రం తొట్టిలో మిగిలిన మేతను బట్టి దాని జబ్బును పసిగట్టేవాళ్ళం. మీ బిడ్డ అన్నం వదిలి, నిద్ర మాని, ఊరికే అప్పులు అడుగుతుంటే మీరూ గమనించండి. కోపపడకముందు ప్రక్కన కూర్చొని మాట్లాడండి. మూగజీవికిచ్చిన పాటి శ్రద్ధ మన పిల్లలకు ఇవ్వలేమా?