రెండు భాషల చందమామ

బ్యాంకులో ముప్పై ఏళ్ళు పనిచేసినవాడికి మైకు కొత్త కాదు. రుణమేళాల్లో మాట్లాడాను, ఖాతాదారుల సమావేశాల్లో వందన సమర్పణలు చేశాను. కాని పాట పాడమని అదే మైకు చేతికిస్తే కాళ్ళు వణుకుతాయని యాభై దాటాక గాని నాకు తెలిసిరాలేదు.

మాది అంబత్తూరు. మా నాన్నగారు నెల్లూరు జిల్లా నుంచి ఇక్కడి సైకిళ్ళ ఫ్యాక్టరీలో పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. 1964లో పారిశ్రామికవాడ వెలిశాక మనవాళ్ళు మరికొందరు వచ్చారు. 2011లో అంబత్తూరు చెన్నై కార్పొరేషన్‌లో కలిసిపోయింది. మేముండే అపార్ట్‌మెంట్లో ఇరవై నాలుగు కాపురాలుంటే ఇంట్లో తెలుగు మాట్లాడేవి అయిదు. ఒకటి మలయాళీలది, తక్కినవన్నీ తమిళులవి. ఏటా పొంగల్ మర్నాడు అందరం మేడ మీద చేరి భోజనాలు చేస్తాం. కొన్నేళ్ళ క్రితం కుర్రవాళ్ళు చక్రాల స్పీకరూ రెండు మైకులూ తెచ్చి కరావోకే మొదలుపెట్టారు. సెల్‌ఫోన్లో పాట వెతికి పెడితే గాయకుడి గొంతు తప్ప వాద్యాలన్నీ వినిపిస్తాయి. తెర మీద మాటలు ఒక్కొక్కటే రంగు మారుతూ పోతుంటాయి. వాటి వెంట మనం పరుగెత్తాలి.

మొదటి ఏడు నేను ‘దేవదాసు’లో ఘంటసాల పాట ఎత్తుకున్నాను. 1953 నాటి పాట, స్నానాల గదిలో నలభై ఏళ్ళుగా పాడుతున్న పాట. స్నానాల గదిలో శ్రుతి మనది. ఇక్కడ శ్రుతి యంత్రానిది. పై స్థాయికి వెళ్ళేసరికి గొంతు అక్కడిదాకా రానని మొరాయించింది. అయినా వదల్లేదు. పండగపూట ఆ విషాదం ఎవరికి కావాలి? రెండో చరణానికల్లా జనం వడల బుట్ట చుట్టూ చేరారు. మా ఆవిడ ఒక్కతే కదలకుండా కూర్చుంది, అదీ తలవంచుకుని.

ఆ తర్వాత కొన్ని నెలలకు, మా బ్రాంచిలో ఖాతా ఉన్న ఒక విడిభాగాల కంపెనీవారు జపాన్ నుంచి వచ్చిన ఇంజనీర్లకు విందు ఇచ్చారు. నన్నూ పిలిచారు. భోజనాలయ్యాక అరవై ఏళ్ళ ఇంజనీరు ఒకాయన లేచి కోటు సర్దుకుని పాడాడు. క్యూ సకమోతో 1961లో పాడిన పాట అది. 1963లో ‘సుకియాకి’ అనే పేరుతో అమెరికాలో మొదటి స్థానానికి ఎక్కింది. సుకియాకి అంటే వాళ్ళ వంటకం, పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు. కన్నీళ్ళు కింద పడకుండా తలెత్తుకుని నడిచే మనిషి పాట అది. వరస మాత్రం ఈలతో హాయిగా సాగిపోతుంది. జపాన్ వాళ్ళంతా చప్పట్లతో తాళం అందుకున్నారు. భాష తెలియని మేమూ అందుకున్నాం.

“మీకు అన్నిటికన్నా ఇష్టమైన పాట ఇదేనా?” అని అడిగాను. కంపెనీ మేనేజరు మాట మార్చి చెప్పాడు. కాదట. ఆయనకు ఇష్టమైనది హిబారి మిసోరా 1989లో, తాను పోయిన ఏడాదే విడుదల చేసిన నది పాట. దాన్ని ఇంట్లో పాడుకుంటాడట. “నలుగురిలో పాడేటప్పుడు నాకు బాగా వచ్చిన పాట వెతకను. ఎదుటివాళ్ళకు ముందే వచ్చిన పాట వెతుకుతాను” అన్నాడాయన.

అప్పుడు నా దేవదాసు సంగతి అర్థమైంది. మనబోటి వయసువాళ్ళు పాట ఎంచుకోవాలంటే ముందు గొంతు లెక్క చూసుకోవాలి. పాతికేళ్ళప్పుడు అందిన స్వరం యాభై అయిదులో అందదు. శ్రుతి తగ్గించే మీట ఉన్నది అందుకే, నొక్కడంలో నామోషీ ఏమీ లేదు. పాట మధ్య వాద్యాలు మరీ సాగకూడదు, మైకు పట్టుకుని శిలావిగ్రహంలా నిలబడాల్సి వస్తుంది. పల్లవి మళ్ళీ మళ్ళీ రావాలి, చరణం రానివాళ్ళు అక్కడ గొంతు కలుపుతారు. కరావోకే అనే మాటలోనే ఈ రహస్యం ఉంది. జపాన్ భాషలో ‘కర’ అంటే ఖాళీ, ‘ఓకే’ అంటే ఆర్కెస్ట్రాకు పొట్టి పేరు. 1971లో కోబే నగరంలో దైసుకే ఇనోవే అనే వాద్యకారుడు, మామూలు మనుషులు పాడుకోవడానికి వీలుగా వాద్యాలు మాత్రమే రికార్డు చేసి, కారు టేపురికార్డరుకు మైకూ నాణేల పెట్టే తగిలించి బార్లకు అద్దెకిచ్చాడు. పేటెంటు తీసుకోలేదు. కామర్సు చదివినవాణ్ణి, ఆ ముక్క చదివి నేనే బాధపడ్డాను. 2004లో ఆయనకు ఇగ్ నోబెల్ వాళ్ళు శాంతి బహుమతి ఇచ్చారు, మనుషులు ఒకరినొకరు భరించడం నేర్పినందుకట. నా మొదటి పాటప్పుడు మావాళ్ళు చేసిందీ అదే.

సరే, మా మేడ మీద అందరికీ ముందే వచ్చిన పాట ఏది? తెలుగు పాడితే పంతొమ్మిది కాపురాలకు రాదు. తమిళం పాడదామంటే, ఏడాదికొకసారి మైకు చేతికొచ్చినప్పుడైనా మన భాష వినిపించకపోతే ఎట్లా అని నాకు పట్టుదల. చివరికి దారి మద్రాసులోనే దొరికింది. వడపళనిలో విజయా వాహినీ స్టూడియోలు ఒకే కథను రెండు భాషల్లో తీసిన రోజులవి. 1955లో ‘మిస్సమ్మ’, అదే ఏడు తమిళంలో ‘మిస్సియమ్మ’. సాలూరి రాజేశ్వరరావు వరసలు. తెలుగు మాటలు పింగళివి, తమిళ మాటలు తంజై రామయ్యదాసువి. చందమామతో మొర పెట్టుకునే ఆ పాటను రెండు భాషల్లోనూ ఎ.ఎం. రాజా, పి. లీల పాడారు. మొగుడూ పెళ్ళాలు ఒకరి మీద ఒకరు చందమామకు చాడీలు చెప్పుకునే పాట కనక మాకు ప్రత్యేకంగా సాధన అక్కర్లేదు.

చిక్కల్లా కాగితం దగ్గర వచ్చింది. మా ఆవిడది తిరుత్తణి దగ్గరి పల్లె. 1960లో పటాస్కర్ తీర్పుతో ఆ ప్రాంతం మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆమె బడి చదువంతా తమిళంలోనే. ఇంట్లో మాట తెలుగు, చదవడం మాత్రం రాదు. మా అమ్మాయిదీ అంతే. తమిళం తప్పనిసరి చేసిన చట్టం 2006లో వచ్చి, ఆ ఏడు ఒకటో తరగతిలో చేరిన పిల్లలతో అమలు మొదలైంది. మా పిల్ల ఆ తొలి తరగతిలో కూర్చుంది. తల్లి కోసం పాట విని తమిళ లిపిలో రాసిచ్చింది. ఆ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. పాటలో ‘గాథ’ అన్న మాట మా ఆవిడ నోట ‘కాద’ అయింది. “కాద ఏమిటే?” అన్నాను. “కాదంటే కాదు” అంది. చందమామ వచ్చేలోపే మొగుడూ పెళ్ళాల తగువు మొదలైంది.

మా నవ్వులు విని పై అంతస్తు మామి దిగి వచ్చారు. డెబ్బై దాటిన మనిషి. కాగితం చూసి, మాట్లాడకుండా మళ్ళీ మేడెక్కి ఒక పాత పుస్తకం తెచ్చారు. త్యాగరాజ కృతులు, మొత్తం తమిళ లిపిలో. అక్షరాల పక్కన చిన్న చిన్న అంకెలు. అంకె లేకపోతే క, 2 ఉంటే ఖ, 3 ఉంటే గ, 4 ఉంటే ఘ. “నాకు తెలుగు మాట్లాడటం రాదు. పాడటం మాత్రం అరవై ఏళ్ళుగా పాడుతున్నాను” అన్నారు తమిళంలో. మా అమ్మాయి పక్కన కూర్చుని కాగితమంతా అంకెలు వేయించారు.

ఆ పొంగల్‌కు శ్రుతి రెండు మెట్లు తగ్గించి పాడాం. గాథ గాథగానే వచ్చింది. రెండో చరణం దగ్గర మామి ఉండబట్టలేక మా ఆవిడ చేతిలోంచి మైకు అందుకుని తమిళంలో ఎత్తుకున్నారు. నేను తెలుగులో, ఆవిడ తమిళంలో, ఒకటే వరస. ఎక్కడా ఒరుసుకోలేదు. పల్లవికి వచ్చేసరికి మేడంతా పాడుతోంది, ఎవరి భాషలో వాళ్ళు. వడలు బుట్టలోనే చల్లారిపోయాయి.

అందరూ మెచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు మాత్రం నిద్ర పట్టలేదు. మా పిల్లకు తెలుగు ‘గ’ను గుర్తుపట్టే ఉపాయం చెప్పింది తెలుగు మాట్లాడటం రాని మామి. పక్క గదిలో నేను ఇరవై ఏళ్ళుగా ఉన్నాను. చట్టం బడిలో తమిళం నేర్పింది, ఇంట్లో తెలుగు నేర్పొద్దని నాతో చెప్పలేదు. సెలవుల్లో నేర్పుదామనుకున్నాను, బదిలీ తర్వాత అనుకున్నాను, పరీక్షలయ్యాక అనుకున్నాను. పరులకిచ్చిన అప్పులు నెలనెలా గుర్తుచేసి వసూలు చేసినవాణ్ణి, నా బాకీ ఒక్కటి ఎవరూ అడగలేదు కదా అని ఊరుకున్నాను.

ఈసారి ‘మాయాబజార్’ పడవ పాట అనుకున్నాం. అదీ రెండు భాషల పాటే, రెంటిలోనూ ఘంటసాల, లీలే పాడారు. మొన్న అమ్మాయి కాగితం తెచ్చిచ్చింది. తమిళ అక్షరాల బారుల మధ్య 3 వేయవలసిన చోటల్లా ఒక తెలుగు ‘గ’, కొంచెం వంకరగా, కూర్చుని ఉంది. నేను కళ్ళజోడు తీసి తుడుచుకుంటుంటే అడిగింది:

“నాన్నా, 4 ఎట్లా రాస్తారు?”