మా ఆడోళ్ళేరండి?

పోయిన మాఘమాసంలో మా ఊరు మలికిపురంలో ఒక పెళ్ళి ఊరేగింపు మా ఇంటి ముందునుంచి వెళ్ళింది. వ్యాను నిండా స్పీకర్లు, కిటికీ అద్దాలు అదిరే హోరు. ఆ హోరులోంచి హఠాత్తుగా ఒక ఊడ్పుల పాట. రెండో చరణానికిగానీ పోల్చుకోలేకపోయాను. అది నేను పట్టిన పాటే. 2014 సార్వా ఊడ్పులప్పుడు మా చేలో, గట్టుమీద కూర్చుని, అరచేతిలో పట్టే రికార్డర్‌తో పట్టింది. తర్వాత మా బంధువులబ్బాయి "పాత పాటలేమైనా ఉంటే ఇవ్వక్కా" అంటే పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చింది కూడా నేనే. కాబట్టి వేరెవరి మీదో కోపం తెచ్చుకునే వీలు లేదు.

అతన్ని అడిగితే ఓపిగ్గా వివరించాడు. డీజే పాటకి వేగం ఒక్కటే ఉండాలట, నిమిషానికి 128 దెబ్బలు. నా రికార్డింగ్ 76తో మొదలై, భోజనాలకి లేవబోయే ముందు 90 దాకా వెళ్తుంది. మధ్యలో ఆగుతుంది కూడా. "ఇది గీతలో నిలబడదక్కా, నేనే నిలబెట్టాను" అన్నాడు. ఇక శృతి. రెండు పాటలు ఒకదాంట్లోకి ఒకటి కలవాలంటే ఒకే శృతిలో ఉండాలి, లేకపోతే షడ్జమ పంచమాలకున్నంత చుట్టరికమైనా ఉండాలి. ఆమె గొంతు మూడు శృతి దగ్గర ఉంటే ఐదుకి ఎత్తాడు. పూర్వం టేపు వేగం పెంచితే గొంతు కూడా దానితోపాటే సన్నబడేది. ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో వేగాన్నీ శృతినీ వేరువేరుగా మార్చుకోవచ్చు. పదకొండు నిమిషాల పాట మూడు నిమిషాలైంది.

ఫోన్‌లో వేసుకుని ఆ పాట పాడినావిడ దగ్గరకే వెళ్ళాను. మా అమ్మకంటే పెద్దది. అయినా మా ఇంట్లో అందరూ ఆమెను పేరుపెట్టి "ఏమే" అనే పిలిచేవాళ్ళు, చిన్నప్పుడు నేను కూడా. ఇప్పుడు నేను "మీరు" అంటాను. ఆమె మాత్రం "అమ్మాయిగారూ" అనడం మానలేదు.

పాట మొత్తం విని నవ్వింది. "ఆయ్, ఇంత జోరుకి ఊడిస్తే నడుం ఉంటదేటండి?" అంది. కాసేపాగి, "ఈ గొంతు నాది కాదండి, ఎవరో చిన్నపిల్లది" అంది. మూడోసారి వేయించుకుని విని, "మా ఆడోళ్ళేరండి?" అంది.

వేగం, శృతి, మిశ్రమం. నేను సంగీతశాస్త్రం పుస్తకాల్లో వెతుక్కుంటున్నవి మూడూ మూడు మాటల్లో చెప్పేసింది.

ఊడ్పుల పాట వేగాన్ని నడుం నిర్ణయిస్తుంది. వంగి, దమ్ములో వెనక్కి అడుగేస్తూ, ఎడంచేతిలో నారు కట్ట, కుడిచేత్తో నాటు. ఆ చేతికి పాట తోడు. ఇంకో సంగతి కూడా ఆమే చెప్పింది. ఎకరానికింతని గుత్తకి దిగినప్పుడు పాట జోరుగా అందుకుంటారట, రోజుకూలికైతే నిదానంగా. అంటే ఆ నిదానం వాళ్ళ బేరం. యజమానితో నోరెత్తి అనలేనిదాన్ని పాట సాగదీసి అంటున్నారన్నమాట!

ఇంటికొచ్చి అసలు రికార్డింగ్ మొత్తం మళ్ళీ విన్నాను. ఆరో నిమిషంలో గట్టుమీదనుంచి ఒక మగగొంతు: "పాట కాస్త జోరుగా అందుకోండే!" మా నాన్నది. ఆ తర్వాతే 76 మెల్లగా 90కి ఎక్కింది. మా బంధువులబ్బాయికంటే ముందే ఆ పాట వేగం పెంచినవాళ్ళు మా ఇంట్లోనే ఉన్నారు.

ఆ గొంతు నా సిద్ధాంత గ్రంథంలో లేదు. దగ్గులు, చంటిపిల్ల ఏడుపు, మధ్యలో ఆడవాళ్ళు వేసుకున్న జోకులు, అన్నీ "అనవసర శబ్దాలు" అని తీసేశాను. వంతపాడిన ఏడుగురినీ "బృందం" అన్నాను. అనుబంధంలో ఇరవైనాలుగు పంక్తుల శుభ్రమైన గేయం మిగిలింది. కింద "సేకరణ" అని నా పేరు, "వ్యవసాయ కూలీ, 58 ఏళ్ళు" అని ఆమె వివరం. ఈ మిక్సింగ్‌కి నాకు డాక్టరేట్ వచ్చింది.

1950లలో బిరుదురాజు రామరాజు జానపద గేయాల మీద పరిశోధన చేసినా, మా గోదావరి సీమలో నేదునూరి గంగాధరం పాటలు పోగుచేసినా, కాకినాడలో పుట్టిన వింజమూరి అనసూయ, చెల్లెలు సీతతో కలిసి వాటిని రేడియోకీ వేదికకీ తెచ్చినా, వాళ్ళు లేకపోతే ఎన్నో పాటలు పోయేవి. ఆ రుణం కాదనను. కానీ పుస్తకంలో పాటకి వేగం లేదు, వేదికెక్కితే హార్మోనియం మెట్టు దాటే స్వేచ్ఛ లేదు. పొలంలో మొదలుపెట్టిన శృతిలోనే ముగించాలని ఎవరూ అనుకోరు. ఎండ ఎక్కేకొద్దీ గొంతులూ ఎక్కుతాయి.

ఇది మన ఒక్కరి కథే కాదు. అమెరికాలో కంట్రీ సంగీతానికి పునాది అని చెప్పే కార్టర్ కుటుంబం 1927లో బ్రిస్టల్ పట్టణంలో మొదటిసారి రికార్డు ఇచ్చింది. గ్రామఫోను పళ్ళేనికి ఒకవైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పట్టేది కాబట్టి పాటలు అంతకి కుదించుకున్నాయి. ప్రధాన గాయని సారా, గిటారు మేబెల్. కొండపల్లెల్లో పోగుచేసిన పాటల హక్కులు మాత్రం చాలావరకు ఎ.పి. కార్టర్ పేర నమోదయ్యాయి. ఆయనతో తిరిగి ఆ బాణీలు జ్ఞాపకం పెట్టుకున్న నల్లజాతి గిటారిస్టు లెస్లీ రిడిల్ పేరు రికార్డుల మీదికి ఎక్కలేదు. చదువుతుంటే నా అనుబంధం పేజీయే కళ్ళముందు కదిలింది.

మా చేలో ఇప్పుడా బృందం లేదు. 2011లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించినప్పుడు మేమూ ఒక సార్వా వదిలేశాం. ఆ తర్వాత చుట్టుపక్కల చేలు కొన్ని రొయ్యల చెరువులయ్యాయి. ఊడ్పులకి పశ్చిమ బెంగాల్ నుంచి ముఠాలు వస్తున్నాయి. వాళ్ళకీ పాటలుంటాయి, మాకు అర్థం కావు. మా ఎనిమిదిమందిలో ఇద్దరు కువైట్‌లో ఇళ్ళల్లో పనిచేస్తున్నారు. ఒకామె చనిపోయింది.

తప్పు దిద్దుకుందామని మళ్ళీ ఆమె దగ్గరకి వెళ్ళాను. ఈ వ్యాసంలో మీ పేరు రాస్తానన్నాను. ఎగిరి గంతేస్తుందనుకున్నానేమో! ఆమె చాలాసేపు మాట్లాడలేదు.

"నా ఒక్కదాని పేరెందుకండి? ఆల్లందుకోపోతే నేనేం పాడతాను? రాస్తే ఎనిమిది పేర్లూ రాయండి. లేపోతే ఒక్కటీ వద్దు. కువైట్ ఎల్లినోల్లని కూడా అడగండి, పోయినదాని కూతుర్ని అడగండి."

అందుకే ఈ వ్యాసంలో ఎవరి పేరూ లేదు. కువైట్‌లో ఉన్న ఒకామెకి ఫోన్ చేశాను. శుక్రవారం అయితేగానీ మాట్లాడే తీరిక ఉండదంది. రెండో ఆమె నంబరు ఇంకా దొరకలేదు. మా నాన్న గొంతుతో సహా పదకొండు నిమిషాలూ అలాగే ఉంచిన ఫైలు ఆ ఎనిమిది ఇళ్ళకీ చేరాక, ఏం చెయ్యాలో వాళ్ళే చెప్తారు. ఈసారి వేగం నా చేతిలో లేదు.