మంచు దారిలో తెల్లని గీత

రహదారిపై గల తెల్లని గీత చూడటానికి అల్పమైనది. పగటివేళ దానిని గమనించేవారు అరుదు. కాని చీకటి రాత్రి, ఎదుటి వాహనపు వెలుగు కన్నులకు మిరుమిట్లు గొలిపినప్పుడు, ప్రయాణికుని ప్రాణానికి ఆ గీతయే లక్ష్మణరేఖ.

1911లో అమెరికాలోని మిచిగాన్ రాష్ట్రంలో ఎడ్వర్డ్ హైన్స్ అనే అధికారి ట్రెంటన్ పట్టణపు రివర్ రోడ్డుపై మధ్యరేఖను గీయించాడు. పాలబండి నుండి కారిన పాలచారను చూచి ఆయనకు ఆ ఊహ కలిగిందని చెబుతారు. అయితే మిచిగాన్ మంచు కురిసే సీమ. అచ్చట తెల్లని గీతకు తెల్లని మంచే శత్రువు.

మంచును తొలగించే యంత్రపు ఉక్కు పలక మంచుతోపాటు రంగును, రంగులో పొదిగిన గాజుపూసలను కూడా గీకివేస్తుంది. ఆ పూసలే గీతకు కన్నులు. దీపకాంతి పూసలో ప్రవేశించి, వంగి, అడుగున ఉన్న రంగును తాకి, వచ్చిన దిక్కుకే మరలి చోదకుని కంటిని చేరుతుంది. పూసలు రాలిన గీత పగలు కనిపించినా రాత్రి గుడ్డిదే.

అందుచేత ఇంజనీర్లు రోడ్డులో కొద్ది మిల్లీమీటర్ల లోతున గాడి తొలిచి, అందులో గీతను పరిచారు. ఉక్కు పలక దానిని తాకకుండా పైనుండి సాగిపోతుంది. కాని ఒక చిక్కు తీరితే మరొకటి ఎదురైంది. గాడిలో నిలిచిన నీరు పూసలను కప్పి, కాంతిని చెదరగొట్టింది. నీటిపొరకు పైన తల ఎత్తి నిలిచే పెద్ద పూసలను వాడి, ఆ లోపాన్ని కొంతవరకు సవరించారు. మరికొన్నిచోట్ల పోత ఇనుప దిమ్మెలలో ప్రతిఫలకాలను అమర్చారు. అయితే దిమ్మె వదులై ఎగిరిపడితే రక్షకమే భక్షకమవుతుంది. కనుక వాటిని తరచు పరీక్షించక తప్పదు.

జపాన్‌లోని హొక్కైడోలో వేరొక ఉపాయం కనిపిస్తుంది. రోడ్ల పక్కన ఎత్తైన స్తంభాలకు ఎరుపు తెలుపు బాణాలు వ్రేలాడుతుంటాయి. నేల యావత్తు మంచు కప్పినా, దారి అంచు ఎక్కడుందో అవి వేలెత్తి చూపుతాయి.

1934లో ఇంగ్లండుకు చెందిన పెర్సీ షా పేటెంటు పొందిన ‘పిల్లికన్ను’ మరింత విచిత్రమైనది. చక్రం మీదుగా పోయినప్పుడు అది క్రుంగి, తన గాజును తానే తుడుచుకొని, తిరిగి పైకి లేస్తుంది.

గాడిలో ఒదిగిన గీత, బరువుకు వంగిన కన్ను — ఈ రెండూ ఎదిరించి కాక, ఒదిగి నిలిచాయి. వాటిని రూపొందించినవారి పేర్లు ఆ దారిన పోయేవారిలో ఎక్కువమందికి తెలియవు. అయినా మంచు రాత్రి క్షేమంగా ఇల్లు చేరిన ప్రతివాడూ వారికి ఋణపడినవాడే.