బల్ల దిగని కారు

మా మనవడు చదువు సగంలో ఆపి న్యూరెంబర్గునుంచి వచ్చేశాడు. ఎందుకని ఎవరమూ అడగలేదు. వస్తూ ఒక పాత రేకుకారు తెచ్చాడు. కీ ఇచ్చి భోజనాలబల్లమీద వదిలితే అది తిన్నగా అంచుకే పోతోంది!

"ఒరే, పట్టుకోరా!" అన్నాను.

"చూడు తాతయ్యా!" అని వాడు చేతులు కట్టుకు నుంచున్నాడు.

ముక్కు అంచు దాటిందో లేదో, కారు గిరుక్కున తిరిగి ఇవతలికి వచ్చేసింది. తిరగేసి చూద్దును గదా, అడుగున అడ్డంగా ఒక బుల్లి చక్రం! ముందుభాగం వాలగానే అది బల్లకు ఆని కారును పక్కకు తిప్పేస్తుందన్న మాట.

1930ల నడుమ షూకో కంపెనీవారు చేసిన చమత్కారమిది. 1912లో ఆ ఊళ్ళోనే హైన్రిష్ ముల్లర్, హైన్రిష్ ష్రేయర్ అనేవారు దాన్ని పెట్టారు. పేరు ష్రేయర్‌ది, ఆయన మాత్రం కొన్నేళ్ళకే తప్పుకున్నాడు. తర్వాత చేరిన భాగస్వామి అడాల్ఫ్ కాన్ యూదుడు. బల్ల దిగని కార్లు అమ్మిన ఆ మనిషి నాజీల రోజుల్లో దేశమే విడవవలసి వచ్చింది. 1976లో కంపెనీ దివాలా తీసింది. పేరు మాత్రం చేతులు మారుతూ బతికింది.

"ఆ కారుకు అంచు తెలుసునేమోగాని, పులుసుగిన్నె తెలీదు. తీయండి ముందు!" అంది మా ఆవిడ.

వాడు పకపక నవ్వాడు. వచ్చి నాలుగు రోజులైంది. నవ్వడం అదే మొదలు.